లేవలేని పశువులో కండరాలు చెప్పే సంగతులు



నేను పశువైద్యుణ్ని కాను. బి.కాం. చదివి, బ్యాంకులో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేసి, 2019లో రిటైరైనవాణ్ని. అటువంటివాడు పశువుల నరాల పరీక్ష గురించి రాయడమేమిటని మీరు అడగవచ్చు. దానికి కారణం ఉంది. కడంబూరులోని మా దొడ్లో ముప్పైమూడేళ్ల తేడాతో రెండు ఆవులు ఒకే విధంగా ఈని, లేవలేక పడిపోయాయి. ఒకదాన్ని పోగొట్టుకున్నాం. రెండోది లేచి నిలబడింది. రెండింటి మధ్య తేడా మందులో కంటే పరీక్షలోనే ఎక్కువగా ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ పరీక్ష ఎలా చేస్తారో, అందులో కండరాలను ఎందుకంత శ్రద్ధగా చూస్తారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. తెలుగు అక్షరాలు రానివారు చాలామంది. చదవగలిగిన పెద్దలు దీన్ని పిల్లలకు చదివి వినిపించవలసిందిగా మనవి.

మొదటి ఆవు

అది 1988. తొలిచూలు ఆవు. కడుపులో దూడ పెద్దది. నలుగురు మనుషులు తాడు కట్టి లాగితే గాని బయటికి రాలేదు. దూడ బతికింది. తల్లి మాత్రం లేవలేదు. చూడవచ్చినవారిలో ఒకరు నడుము విరిగిందన్నారు, ఒకరు దిష్టి తగిలిందన్నారు, ఇంకొకరు పాల జ్వరమన్నారు. ఎవరూ ఆవు మీద చెయ్యి వేసి చూడలేదు. బండలు పరిచిన చోటే, పడిన పక్కమీదే, మూడు రోజులు ఉంచాం. నాలుగో రోజు మా నాన్న దాన్ని 300 రూపాయలకు ఒక వ్యాపారికి ఇచ్చేశాడు. బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా అది నోట్లో చొప్ప నములుతూనే ఉంది. ఆ నమలడం ఎంత ముఖ్యమైన గుర్తో అప్పుడు మాకు తెలియదు.

ఆ రోజుల్లో బ్యాంకులో నా బల్ల మీదికి పాడి ఆవుల అప్పు కాగితాలు చాలా వచ్చేవి. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం 1980లో దేశమంతటికీ విస్తరించాక అటువంటి అప్పులు పెరిగాయి. పశువు పనికిరాకుండా పోతే రైతు కాగితం తెచ్చేవాడు. అందులో చాలాసార్లు ఒకే మాట ఉండేది: "పశువు లేవలేకున్నది." ఎందుకు లేవలేకున్నది? ముందు కాళ్లా, వెనుక కాళ్లా? ఒక పక్కా, రెండు పక్కలా? ఏమీ ఉండేది కాదు. నేను ముద్ర వేసి పక్క బల్లకు పంపేవాణ్ని. ఆ ప్రశ్నలు వేయాలన్న ఆలోచన నాకూ రాలేదు.

రెండో ఆవు

2021లో ఒకరోజు తెల్లవారుజామున మా తమ్ముడు పిలిచాడు. "అన్నా, ఆవు ఈనింది గాని లేవడం లేదు" అన్నాడు. ఇదీ తొలిచూలే. ఇక్కడా పెద్ద దూడే, లాగి తీసినదే. నాకు 1988 గుర్తుకు వచ్చింది.

ఈసారి వచ్చిన డాక్టరు మన ట్రస్టు సాయంతో చదువుకున్న అమ్మాయి. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం 2012లో తిరునెల్వేలి దగ్గర రామయ్యన్‌పట్టిలో ప్రారంభించిన కళాశాలలో చదివింది. పేరు వేయవద్దని అడిగింది కాబట్టి వేయడం లేదు. మా తమ్ముడు తొందరపడ్డాడు. "కాల్షియం ఎక్కించమ్మా, లేస్తుంది" అన్నాడు. ఆమె, "కావలసివస్తే ఎక్కిద్దాం మామా, ముందు చూడనివ్వండి" అంది. అరగంట సేపు సూది బయటికి తీయలేదు. ఆ అరగంటలో ఆమె చేసిన పనులు, తరువాత నేను అడిగితే విడమరిచి చెప్పిన సంగతులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ప్రధాన కార్యాలయం, శాఖ, ఖాతాదారు

ముందుగా ఒక విషయం తెలియాలి. కండరం తనంతట తాను కదలదు. మెదడు ఆజ్ఞ ఇస్తుంది. ఆజ్ఞ వెన్నుపాము గుండా దిగుతుంది. వెన్నుపాములో ఒక్కో కండరానికీ సంబంధించిన నాడీకణాలు ఒక్కో చోట ఉంటాయి. అక్కడినుంచి నరం బయలుదేరి కండరాన్ని చేరుతుంది. నా భాషలో చెప్పాలంటే మెదడు ప్రధాన కార్యాలయం, వెన్నుపాములోని ఆ చోటు, అక్కడినుంచి వచ్చే నరం కలిసి శాఖ, కండరం ఖాతాదారు.

శాఖకే దెబ్బ తగిలితే ఖాతాదారుకు ఏమీ అందదు. కండరం వదులైపోతుంది. తట్టినా స్పందించదు. వారం, పది రోజుల్లోనే కరగడం మొదలవుతుంది.

ప్రధాన కార్యాలయంతో సంబంధం తెగి, శాఖ మాత్రం బాగుంటే వేరే రకంగా ఉంటుంది. అదుపు చేసేవారు లేరు కాబట్టి శాఖ తన ఇష్టానికి పనిచేస్తుంది. కండరం బిగుసుకుంటుంది. కొద్దిగా తట్టినా కాలు గట్టిగా ఎగురుతుంది. కండ వెంటనే కరగదు. చాలా వారాలు కదలక పడి ఉంటే నెమ్మదిగా, కొద్దిగా తగ్గుతుంది.

రెండు సందర్భాల్లోనూ పశువు లేవలేదు. పైకి చూసేవారికి రెండూ ఒకటే. కండరాన్ని ముట్టుకుని చూసినవారికే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఈ పరీక్షకు మూలసూత్రం ఇదే. రోగం పేరు తరువాత, ముందు దెబ్బ తగిలిన చోటు.

పరీక్షలోని వరుస

ఒకటి, దూరం నుంచి చూడడం. ఆమె ముందుగా ఆవు నుంచి నాలుగు అడుగుల దూరంలో నిలబడి చూసింది. ఆవు చెవులు కదిలిస్తోంది, పిలిస్తే తల తిప్పుతోంది, మేత తింటోంది. అంటే మెదడు తెలివిగా ఉంది. పాల జ్వరం సాధారణంగా మూడో ఈత, ఆపైన ఉన్న ఆవులకు, ఈనిన మూడు రోజుల లోపల వస్తుంది. రక్తంలో కాల్షియం తగ్గి ఒంట్లోని కండరాలన్నీ వదులవుతాయి. ఆవు మత్తుగా, మెడ డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది, చెవులు చల్లబడతాయి, మేత మానేస్తుంది. మా ఆవుకు ఇవేవీ లేవు. 1988 నాటి ఆవుకూ లేవు. అది చివరిదాకా చొప్ప నములుతూనే ఉంది గదా.

రెండు, కండ పరిమాణం. ఆవు వెనుక కూర్చుని, రెండు చేతులూ రెండు తొడలమీద ఒకే చోట పెట్టి, పైనుంచి కిందికి తడుముతూ వచ్చింది. ఎప్పుడూ ఎడమను కుడితో పోల్చాలి. ఒక్క పక్కే చూస్తే బక్క పశువుకూ జబ్బు పశువుకూ తేడా తెలియదు. డెబిట్, క్రెడిట్ రెండూ వేస్తేనే కదా తప్పు దొరికేది. కండ ఎంత ఉందో, మెత్తగా ఉందా, గట్టిపడిందా, వాచిందా, నొక్కితే పశువు బాధపడుతోందా అని చూస్తారు. పడి కొన్ని గంటలే అయింది కాబట్టి కండ కరగడం ఇంకా ఉండదు. కాని కింద నలిగిన పక్క తొడ గట్టిపడుతోందేమో చూడాలి. మూత్రం కాఫీ రంగులో వస్తోందా అని కూడా అడిగింది. కండరం బాగా నలిగితే అందులోని ఎర్రని పదార్థం మూత్రంలోకి దిగి ఆ రంగు వస్తుంది. మా ఆవుకు అలా లేదు.

మూడు, బిగువు. ఆరోగ్యంగా ఉన్న కండరం విశ్రాంతిలో కూడా కొంచెం బిగువుగా ఉంటుంది. కాలిని చేత్తో నెమ్మదిగా మడిచి చాపితే ఆ బిగువు చేతికి తెలుస్తుంది. తడిగుడ్డలా వేలాడితే శాఖలో దెబ్బ. ఇనుప కడ్డీలా ఎదురుతిరిగితే పైనుంచి వచ్చే దారిలో దెబ్బ. మా ఆవు ముందు కాళ్లు రెండూ సరిగా ఉన్నాయి. వెనుక కాళ్లలో లోపలితొడ కండరాలు రెండు పక్కలా వదులుగా ఉన్నాయి. లేవబోయినప్పుడు కాళ్లు దగ్గరికి రాక పక్కలకు జారిపోతున్నాయి. కుడి కాలి గిట్ట వెనక్కి మడుచుకుపోయి, ముందుభాగం నేలకు ఆనుతోంది.

నాలుగు, ప్రతీకార చర్య. పదో తరగతిలో అసంకల్పిత ప్రతీకార చర్య గురించి మీరు చదివే ఉంటారు. మోకాలి చిప్ప కింది స్నాయువును చిన్న రబ్బరు సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. 1875లో జర్మనీలో విల్‌హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారుగా మనుషులలో దీని గురించి రాశారు. ఇదే పరీక్ష పశువులకూ పనికివస్తుంది. పశువును పక్కకు పడుకోబెట్టి, పైకి ఉన్న కాలిమీద చేస్తారు. ఫలితానికి 0 నుంచి 4 వరకు అంకె వేస్తారు. 0 అంటే లేదు, 1 తక్కువ, 2 మామూలు, 3 ఎక్కువ, 4 అంటే మరీ ఎక్కువ, తట్టాక కాలు కొట్టుకుంటూనే ఉండడం. మా ఆవుకు రెండు పక్కలా 2 వచ్చింది. అంటే తొడ ముందుభాగపు నరం క్షేమం.

ఐదు, నొప్పి తెలియడం. గిట్టకు పైన చర్మాన్ని పట్టుకారుతో నొక్కింది. ఆవు కాలు లాక్కుంది. "స్పర్శ ఉందిరా" అని మా తమ్ముడు సంతోషపడ్డాడు. ఆమె మాత్రం ఆవు ముఖం చూస్తోంది. కాలు లాక్కోవడం వెన్నుపాము చేసే పని. దానికి మెదడు అక్కరలేదు. నడుము దగ్గర వెన్నుపాము పూర్తిగా తెగిపోయిన జంతువు కూడా కాలు లాక్కుంటుంది. నొప్పి మెదడుదాకా వెళ్లిందని తెలియాలంటే పశువు తల తిప్పి చూడాలి, అరవాలి, కళ్లు పెద్దవి చేయాలి. మా ఆవు రెండు కాళ్లకూ తల తిప్పి చూసింది. "ఇది మంచి గుర్తు మామా" అంది. ఇంట్లో కుక్కకో మేకకో ఇటువంటి దెబ్బ తగిలినప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇదే. కాలు లాక్కుంది గదా అని ధీమాగా ఉంటారు.

ఆఖరున చెయ్యి లోపలపెట్టి కటి ఎముక విరగలేదని చూసుకుంది. పొదుగు చూసింది, జ్వరం చూసింది. అన్నీ కలిపి చూశాక చెప్పింది: దూడ ఇరుకుదారిలో ఎక్కువసేపు నలిగినప్పుడు కటి లోపలి గోడ వెంట వచ్చే నరాలు నలిగాయి. లోపలితొడకు వెళ్లే నరం ఒకటి, కాలి వెనుకభాగానికి వెళ్లే పెద్ద నరం తాలూకు వేరు ఇంకొకటి. తెగలేదు, నలిగాయి.

తెగడానికీ నలగడానికీ తేడా

విద్యార్థులు ఇక్కడ చిన్న లెక్క వేసుకోవచ్చు. తెగిన నరం మళ్లీ పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. కండరం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 300 మిల్లీమీటర్లు, అంటే సుమారు పది నెలలు. అప్పటిదాకా కండ కరిగిపోతూ ఉంటుంది. పడి ఉన్న ఆవు అన్నాళ్లు ఆగలేదు. కాని నలిగిన నరం లోపల తీగ తెగకుండా ఉంటే కొద్ది రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో తేరుకుంటుంది. నలిగిన నరానికి కావలసింది సమయం, ఆ సమయంలో కండరాలు పాడవకుండా కాపాడే మనుషులు.

పడిపోయిన పెద్ద పశువుకు అసలు శత్రువు దాని బరువే. గట్టి నేలమీద ఒకే పక్క ఆరు నుంచి పన్నెండు గంటలు కదలకుండా ఉంటే కింది తొడ కండరాలకు రక్తం అందక అవి దెబ్బతింటాయి. మొదట నరం నలిగి పడిన ఆవు, రెండో రోజుకు కండరాలు చెడి లేవలేకపోతుంది. మేము 1988లో బండల మీద మూడు రోజులు ఉంచామని పైన రాశాను.

2021లో మేము చేసిన పనులు ఇవి. ఆవును పట్టాల మీదికి జరిపి, ఇసుక పరిచి పైన గడ్డి వేసిన చోటికి మార్చాం. మూడు, నాలుగు గంటలకు ఒకసారి పక్క మార్చాం. రాత్రిళ్లు మా తమ్ముడూ నేనూ వంతులవారీగా లేచాం. వెనుక కాళ్లు పక్కలకు చీలిపోకుండా గిట్టల పైన మెత్తని గుడ్డ చుట్టి, రెండడుగుల ఎడం ఉండేలా తాడు కట్టాం. నీళ్లు, మేత నోటికి అందేలా పెట్టాం. పాలు పిండాం. వాపు తగ్గే సూది డాక్టరమ్మ వేసింది. రోజూ వచ్చి అవే ఐదు పరీక్షలు చేసి, కిందటి రోజుతో పోల్చి ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది. మూడో రోజు లోపలితొడలో బిగువు పెరిగిందని చెప్పింది. మాకు పైకి ఏమీ తేడా కనపడలేదు. ఐదో రోజు పొద్దున మేము చేరేసరికి ఆవు నిలబడి ఉంది. కుడి గిట్ట ఇంకో మూడు వారాలు అప్పుడప్పుడు మడుచుకునేది. తరువాత అదీ పోయింది.

అన్ని ఆవులూ ఇలా లేస్తాయని నేను చెప్పడం లేదు. కటి ఎముక విరిగినా, నొప్పి మెదడుదాకా వెళ్లకపోయినా కథ వేరే విధంగా ముగుస్తుంది. అప్పుడు దాన్ని బాధపెట్టకుండా ఏం చేయాలన్నది కూడా ఈ పరీక్షే చెబుతుంది.

కుక్కలలో ఇదే పరీక్ష

మన ప్రాంతం వేటకుక్కలకు పేరుపొందినది. విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం, చిప్పిపారై ఊళ్ల పేర్లే ఆ జాతులకు వచ్చాయి. రాజపాళయం కుక్క బొమ్మతో 2005లో తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఇటువంటి కుక్క రోడ్డు మీద బండి తగిలి పడిపోతే డాక్టరు వెన్నుపామును నాలుగు భాగాలుగా తలచుకుని పరీక్షిస్తాడు.

1. మెడ 1 నుంచి 5 వరకు దెబ్బ: నాలుగు కాళ్లూ బలహీనం, నాలుగింటిలోనూ బిగువు మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది.
2. మెడ 6 నుంచి ఛాతీ 2 వరకు: ముందు కాళ్లు వదులు, వెనుక కాళ్లు బిగువు.
3. ఛాతీ 3 నుంచి నడుము 3 వరకు: ముందు కాళ్లు మామూలు, వెనుక కాళ్లు బిగువు.
4. నడుము 4 నుంచి త్రికం 3 వరకు: ముందు కాళ్లు మామూలు, వెనుక కాళ్లు వదులు.

శాఖ, ప్రధాన కార్యాలయం సూత్రం గుర్తుంటే ఈ పట్టికను బట్టీ పట్టనక్కరలేదు. ముందు కాళ్ల శాఖ రెండో భాగంలో ఉంది, వెనుక కాళ్ల శాఖ నాలుగో భాగంలో ఉంది. శాఖలో దెబ్బ తగిలితే ఆ కాళ్లు వదులు. శాఖకు పైన తగిలితే బిగువు. ఎక్స్‌రే తీయవలసిన చోటు ఇలా చేతులతోనే తెలుస్తుంది. ప్రమాదం జరిగిన కొత్తలో ఈ గుర్తులు కొన్నిసార్లు తారుమారుగా కనపడతాయి కాబట్టి పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తారు.

తలమీద కండరాలు కూడా మాట్లాడతాయి. కణత దగ్గర కండ ఒక పక్కే గుంటపడితే ఆ పక్క దవడ నరం చెడినట్టు అనుమానించాలి. రెండు పక్కలా తగ్గి, నోరు తెరవడం కష్టమైతే నమిలే కండరాలకే జబ్బు వచ్చి ఉండవచ్చు.

ఇంట్లో గమనించదగినవి

భుజానికి గట్టి దెబ్బ తగిలిన ఎద్దుకో గుర్రానికో కొన్ని వారాల తరువాత భుజం పలక మీద ఎముక గట్టులా పైకి తేలితే, ఆ ఎముకకు రెండు వైపులా ఉన్న కండరాల నరం దెబ్బతిన్నదని అర్థం. బక్కచిక్కిందని దాణా పెంచితే సరిపోదు.

మేకపిల్లలకు, గొర్రెపిల్లలకు తొడ వెనుక సూది వేయించవద్దు. కండ తక్కువ, పెద్ద నరం దగ్గరగా ఉంటుంది. సూది నరానికి తగిలితే కాలు ఈడుస్తుంది. మెడ కండరంలో వేయడం మేలు. వేంబూరు గొర్రెలు పెంచేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఒళ్లంతా బిగుసుకుని, కాళ్లు కొయ్యల్లా చాచి, తోక ఎత్తి, దవడ పట్టేసి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే పశువుకు ధనుర్వాతం అని అనుమానించాలి. గాయం అయినచోటు, ఈనినచోటు, తాడు వేసి కొట్టినచోటు వెతకాలి.

ఒక హెచ్చరిక

ఇది అన్నిటికంటే ముఖ్యం. నడవలేని పశువులో మొదట అనుమానించవలసింది రేబిస్‌నే. పిచ్చికుక్క కరిచిన పశువు ఎప్పుడూ మీదపడి పొడుస్తుందని అనుకోకండి. కొన్నిసార్లు ఊరికే దవడ జారి, చొంగ కారుతూ, వెనుక కాళ్లు తడబడుతూ, గొంతు మారి అరుస్తూ ఉంటుంది. గొంతులో ఏదో ఇరుక్కుందని మనవాళ్లు నోట్లో చెయ్యి పెడతారు. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. కాటు పడినా, చొంగ గాయానికి తగిలినా వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. డాక్టరమ్మ మా ఆవును ముట్టుకునే ముందు చేతితొడుగులు వేసుకుని అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య కుక్క ఏమైనా కరిచిందా మామా?" అన్నదే.

పైన చెప్పిన పరీక్షలు డాక్టరు చేయవలసినవి. మనం చేయవలసింది చూడడం, రాసుకోవడం, మెత్తని పక్క వేయడం, త్వరగా కబురుపెట్టడం. తమిళనాడులో 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల సంచార వైద్యశాల సేవ గురించి చెబుతారు. కబురుపెట్టేటప్పుడు "లేవడం లేదు" అన్న ఒక్క మాటతో ఆపకండి. ఎప్పుడు ఈనింది, ఎన్నో ఈత, దూడను లాగారా, మేత తింటోందా, ఏ కాలు వదులుగా ఉంది, ఎన్ని గంటలుగా ఒకే పక్క ఉంది అన్న ఆరు సంగతులు చెప్పండి.

ఈ చదువు చదవదలచినవారికి

పశువైద్య పట్టం చదువు ఒక సంవత్సరం శిక్షణతో కలిపి ఐదున్నరేళ్లు. పన్నెండో తరగతిలో భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం చదివి ఉండాలి. తమిళనాడు రాష్ట్ర కోటా సీట్లకు పన్నెండో తరగతి మార్కులే ఆధారం. అఖిల భారత కోటాకు నీట్ కావాలి. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 2021 నాటి చట్టం ప్రకారం 7.5 శాతం సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే సంవత్సరపు ప్రకటనను మొదటినుంచి చివరిదాకా చదవండి.

ఆడపిల్ల పశువులతో ఎలా వేగుతుందని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. మా దొడ్లో నేను చూసిన పనిలో బలం కంటే ఓపిక, వేళ్ల కొసల్లోని తెలివి ఎక్కువ కావలసివచ్చాయి. ఆవును తిప్పేటప్పుడు బలం కావాలి, దానికి మేం నలుగురం ఉన్నాం.

ఆవు లేచిన రోజు మా తమ్ముడు డాక్టరమ్మకు డబ్బు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. తన చిన్న పుస్తకం తెరిచి, ఆ ఐదు రోజుల అంకెలూ నాకు చూపించింది. తేదీ, ఎడమ, కుడి, బిగువు, స్పందన. గీతలు కొట్టి, గళ్లు వేసి, లెడ్జర్‌లా చక్కగా ఉంది. నాకు మా పాత ఆవు గుర్తుకు వచ్చి, దాని సంగతి చెప్పాను. "అది కూడా లేచేదామ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "చూసి ఉంటే తెలిసేది మామా" అంది.

అది లేచేదో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడానికి కావలసింది రెండు చేతులూ, అరగంట సమయం. అవి ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాయి, చూడడం తెలిసినవారు లేరు. మన పిల్లల్లో ఒకరో ఇద్దరో ఆ చూడడం నేర్చుకుని మన ఊళ్లకు తిరిగి వస్తే, మన ట్రస్టు ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ జమ అయినట్టే.